మూల వాసం ముందు నేల మీద పుట్టాలి

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వైపు వెళ్లే రహదారి మీద, నగరం దాటిన కొద్దిసేపటికే సిల్తారా వస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని పెద్ద పారిశ్రామిక వాడల్లో అదొకటి. అక్కడ ప్రధానంగా జరిగేది ఇనుము పని. పొడవాటి గొట్టంలా ఉండి నెమ్మదిగా తిరిగే కొలిమిలో ముడిఖనిజం, బొగ్గు కలిపి వేడి చేస్తారు. సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఖనిజం కరగకుండానే తనలోని ఆక్సిజన్‌ను వదులుకుని స్పాంజ్ ఐరన్‌గా మారుతుంది. అది ఫర్నేసులో కరిగి బిల్లెట్టుగా గడ్డకడుతుంది. రోలింగ్ మిల్లులో మళ్లీ ఎర్రగా కాగి కడ్డీలు, యాంగిళ్లు, ఛానళ్ల రూపంలో బయటికి వస్తుంది. ఈ దారి పొడవునా కొలత ఉంటుంది. కరిగిన లోహం నుంచి నమూనా తీసి కర్బనం ఎంత ఉందో దశాంశ స్థానాల్లో చూడడం ఇలాంటి కర్మాగారాల్లో రోజువారీ పని.

ఇలాంటి ఉక్కే లారీ ఎక్కి ఏదో ఊళ్లోని వెల్డింగ్ షాపు ముందు దిగుతుంది. అక్కడ కథ మారిపోతుంది. ఇంటి మీద నాలుగు వాలుల కప్పు వేయాలి. ఫిట్టరు ఒక ట్యూబును గోడ మూల నుంచి పైకి ఎత్తి పట్టుకుంటాడు. కింద నిలబడ్డ మేస్త్రీ కన్ను చికిలించి చూసి సుద్దముక్కతో గీత పెట్టమంటాడు. గ్రైండరుతో కోస్తారు, పెట్టి చూస్తారు, కుదరదు. దించి మళ్లీ కోస్తారు. మూడోసారికి కుదిరినట్టే ఉంటుంది కానీ కొసన వేలు దూరేంత సందు. ఆ సందును వెల్డింగ్ రాడ్డు కరిగించి పూడుస్తారు, పైన రంగు వేస్తారు. ఉక్కు పుట్టే చోట కొలతకు దక్కే గౌరవం ఉక్కు కోసే చోట దక్కడం లేదు.

ఇది ఆ మేస్త్రీ మీద నెపం కాదు. మూలకు వచ్చే ఆ ఒక్క ముక్కను ఎలా కొలవాలో అతనికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. చెప్పాల్సిన లెక్క తొమ్మిది, పదో తరగతుల పుస్తకాల్లోనే ఉంది. పుస్తకంలో ఉన్న లెక్క పని దగ్గరికి ఎందుకు చేరలేదన్నదే అసలు ప్రశ్న.

రెండు వాలుల కప్పులో లెక్క సులువు. మధ్యలో కొప్పు దూలం, దానికి అటూ ఇటూ ఒకే పొడవు వాసాలు. రెండు చివర్లలో ముక్కోణపు గోడలు నిలబడతాయి. నాలుగు వాలుల కప్పులో ఆ ముక్కోణపు గోడలు ఉండవు. చివర్లలో కూడా కప్పే వాలి చూరుదాకా దిగుతుంది. పక్క వాలు, చివరి వాలు కలిసే గీత గోడ మూల నుంచి ఏటవాలుగా కొప్పు దూలం కొసకు ఎక్కుతుంది. ఆ గీత వెంట ఉండేదే మూల వాసం. దాని మీదికి రెండు వైపుల నుంచి పొట్టి వాసాలు వచ్చి ఆనుకుంటాయి. కోనసీమ మండువా లోగిళ్లు చూసినవారికి ఇది కొత్తేమీ కాదు. అక్కడ నడిమి వాకిలి వైపు నాలుగు మూలల్లో ఇదే మూల వాసం తిరగబడి కనిపిస్తుంది. రెండు వాలులు కలిసి కొప్పులా లేవడానికి బదులు కాలువలా లోపలికి దిగుతాయి. ఆకారం మారినా లెక్క ఒక్కటే.

ఒక గదిని తీసుకుంటే విషయం తేలికవుతుంది. పొడవు 20 అడుగులు, వెడల్పు 12 అడుగులు. వాలు అడుగుకు ఆరంగుళాలు, అంటే గోడ నుంచి లోపలికి ఒక అడుగు జరిగితే కప్పు అర అడుగు లేస్తుంది. వెడల్పులో సగం 6 అడుగులు కాబట్టి కొప్పు 3 అడుగుల ఎత్తులో ఉంటుంది. నాలుగు వైపులా వాలు ఒకటే అయినప్పుడు చివరి వాలు కూడా 6 అడుగులు లోపలికి వస్తుంది. అందువల్ల కొప్పు దూలం పొడవు 20 నుంచి 12 తీసేస్తే మిగిలే 8 అడుగులు.

మామూలు వాసం ఒక లంబకోణ త్రిభుజపు కర్ణం. అడుగు 6, ఎత్తు 3. వర్గాలు కూడితే 36, 9 కలిసి 45. దాని వర్గమూలం 6.708, అంటే దాదాపు 6 అడుగుల 8½ అంగుళాలు. ఇంతవరకు చాలామంది మేస్త్రీలు తప్పు చేయరు.

తప్పు మూల వాసం దగ్గర మొదలవుతుంది. అది పొడవు దిశలోనూ 6 అడుగులు పోవాలి, వెడల్పు దిశలోనూ 6 అడుగులు పోవాలి, ఆ రెండూ చేస్తూ 3 అడుగులు పైకి లేవాలి. ఇది 6, 6, 3 అడుగుల పెట్టెకు ఒక కింది మూల నుంచి ఎదుటి పై మూలకు పోయే కర్ణం. గదిలో పట్టే అతి పొడవైన కర్ర ఎంత అని దీర్ఘఘనం పాఠంలో పిల్లల్ని అడిగే ప్రశ్న ఇదే. వర్గాలు కూడితే 36, 36, 9 కలిసి 81. వర్గమూలం 9. మూల వాసం సరిగ్గా 9 అడుగులు, ఒక్క నూలు అటూ ఇటూ లేదు. ఈ కొలతలు కావాలని ఎంచుకున్నవే. మొదటిసారి నేర్చుకునేవాడికి జవాబు పూర్ణసంఖ్యగా వస్తే లెక్క మీద నమ్మకం కుదురుతుంది. పాఠం చెప్పేవాళ్లు ఇంతపాటి కనికరం చూపించవచ్చు.

పొట్టి వాసాల్లో ఇంకో అందం ఉంది. రెండు అడుగులకు ఒకటి చొప్పున వేస్తే, మూల నుంచి మొదటిది 2 అడుగుల దూరంలో, రెండోది 4 అడుగుల దూరంలో వస్తాయి. మూల 45 డిగ్రీల గీత కాబట్టి పొట్టి వాసం మూలకు ఎంత దూరంలో ఉంటే అంతే లోపలికి పోతుంది. మొదటి దాని పొడవు మామూలు వాసంలో మూడో వంతు, రెండోదానిది మూడింట రెండు వంతులు. అంటే 2.236 అడుగులు, 4.472 అడుగులు. ఒక్కో మెట్టుకు సుమారు 2 అడుగుల 2⅞ అంగుళాలు పెరుగుతుంది. ఈ తేడా ఒక్కటి తెలిస్తే చాలు, ఎన్ని పొట్టి వాసాలున్నా మళ్లీ మళ్లీ కొలవక్కర్లేదు. ఈ గది కప్పుకు మూల వాసాలు 4, మామూలు వాసాలు 12, పొట్టి వాసాలు 16, కలిపి 32 ముక్కలు. పొడవులు మాత్రం నాలుగే. ముప్పై రెండు సార్లు పైకెక్కి కొలిచే పని, కింద కూర్చుని నాలుగు లెక్కలతో తీరిపోతుంది.

పొడవు తేలినా కోత కోణం ఉండనే ఉంది. వెల్డింగ్ షాపుల్లో ఎక్కువ ఇనుము పాడయ్యేది ఇక్కడే. మామూలు వాసం వాలు ఈ గదిలో 26.6 డిగ్రీలు. మూల వాసం అంతే ఎత్తు ఎక్కుతుంది కానీ నేల మీద 6 అడుగులు కాక 8.485 అడుగులు పోయి ఎక్కుతుంది. అందుకే దాని వాలు తక్కువ, 19.5 డిగ్రీలు. కటింగ్ మిషన్‌కు మామూలు వాసం కోణం పెట్టి ఉంచి, అదే ఊపులో మూల వాసాన్నీ కోసేస్తే ఏడు డిగ్రీల తేడా వస్తుంది. రెండంగుళాల ట్యూబు మీద ఆ ఏడు డిగ్రీలు పావు అంగుళం సందుగా తేలుతుంది. ట్యూబు గోడ మందం రెండు మిల్లీమీటర్లయితే సందు దానికి మూడింతలు. అంత సందును రాడ్డుతో పూడ్చబోతే పలుచని గోడకు చిల్లులు పడతాయి. పూడినట్టు కనిపించినా లోపల గట్టిగా అతుక్కుందని చెప్పలేం.

పొట్టి వాసం తల కోత ఇంకొంచెం తిప్పలు పెడుతుంది. పై నుంచి చూస్తే మూల గీత 45 డిగ్రీల్లో ఉంటుంది కాబట్టి ట్యూబు పై ముఖం మీద మూలమట్టంతో 45 గీసేస్తారు. కానీ పై ముఖం నేలకు సమాంతరంగా లేదు, వాలి ఉంది. వాలిన ముఖం మీద ఆ కోణం 41.8 డిగ్రీలవుతుంది. దాన్ని గుర్తు పెట్టుకోవడానికి త్రికోణమితి కూడా అవసరం లేదు. ఒక అట్ట మీద అడ్డంగా 6 అంగుళాలు, నిలువుగా 6.7 అంగుళాలు కొలిచి కొసలు కలిపితే, నిలువు గీతకూ ఆ ఏటవాలు గీతకూ మధ్య ఉన్నదే కావలసిన కోణం. అంటే మామూలు వాసం అడుగు ఒకవైపు, దాని అసలు పొడవు ఇంకోవైపు. పక్క ముఖాల మీద మాత్రం కప్పు మీద నిలబెట్టినప్పుడు నిలువుగా ఉండే గీత గీయాలి. పై ముఖం గీత, పక్క ముఖం గీత అంచు దగ్గర కలవాలి. కలిస్తే కోత సరైనదే. కలవకపోతే బ్లేడు తిప్పకముందే తప్పు బయటపడింది, ఇనుము మిగిలింది.

ఇంకో చిన్న సంగతి, చాలాచోట్ల చేతులు కాలాకే గుర్తుకొచ్చేది. పొట్టి వాసాలు కుడి ఎడమ చెప్పుల్లాంటివి. పదహారింటిలో ఎనిమిది కుడివి, ఎనిమిది ఎడమవి. ట్యూబును ఎలా తిప్పినా కుడిది ఎడమ కాదు. పొడవులన్నీ సరిగ్గా కోసి, పదహారూ ఒకే చేతివాటంగా కోసి పెట్టుకుంటే సగం తుక్కుకు పోతాయి.

చూరు ఎంత బయటికి రావాలన్నది కూడా ముందే తేల్చుకోవాల్సిన లెక్క. చూరు ఒకటిన్నర అడుగు పెడదామనుకుంటే మూల వాసం మొత్తం 11 అడుగుల 3 అంగుళాలు, మామూలు వాసం దాదాపు 8 అడుగుల 4½ అంగుళాలు అవుతాయి. బజారులో ట్యూబు 6 మీటర్లు, అంటే 19 అడుగుల 8 అంగుళాలు. ఒక ట్యూబులో ఒక మూల వాసం, ఒక మామూలు వాసం తీస్తే కాగితం మీద అర అంగుళం మిగులుతుంది. నిజంగా కోసేటప్పుడు ఏటవాలు కోతలు, బ్లేడు తినే పొడి కలిపి అది చాలదు. రెండోదానికి ఇంకో ట్యూబు పట్టాలి. అదే చూరును 1 అడుగు 4 అంగుళాలకు తగ్గిస్తే మూల వాసం సరిగ్గా 11 అడుగులు, మామూలు వాసం సుమారు 8 అడుగుల 2½ అంగుళాలు. రెండూ ఒకే ట్యూబులో వస్తాయి, దాదాపు ఆరు అంగుళాలు మిగులుతుంది. చూరు రెండంగుళాలు తగ్గిందని ఇంట్లో ఎవరికీ తెలియదు. ట్యూబుల లెక్క మాత్రం బిల్లులో తెలుస్తుంది. ఈ నిర్ణయం గ్రైండరు చేతికి తీసుకున్నాక చేయగలిగేది కాదు.

ఇంత లెక్క ఎందుకు, ఇప్పుడు కప్పులన్నీ స్లాబులే కదా అనిపించవచ్చు. మంగళూరులో బాసెల్ మిషన్ 1865లో పెంకుల ఫ్యాక్టరీ పెట్టాక దక్షిణ భారతమంతటా బంగళా పెంకుల ఇళ్లు లేచాయి. ఆ పెంకుల కింద వాసాలు కోసిన వడ్రంగులకు మూల లెక్క కొట్టిన పిండి. స్లాబులొచ్చి ఆ పని తగ్గింది. కానీ కప్పు మళ్లీ వాలుతోంది. మేడ మీద రేకుల షెడ్డు, కారు నిలిపే వసారా, పొలం దగ్గర ఇల్లు, హోటల్ ముందు మండపం, పెంకు ఆకారపు రంగు రేకులు. కలప బదులు ఉక్కు వచ్చింది, బాడిశ బదులు గ్రైండరు వచ్చింది. మధ్యలో ఒక తరం పని ఆగిపోవడంతో వడ్రంగి చేతిలోని లెక్క వెల్డరు చేతికి అందలేదు. పనిముట్టు మారితే నైపుణ్యం దానంతట అదే కొత్త చేతుల్లోకి రాదు.

పైగా నాలుగు వాలుల కప్పు అందం కోసం మాత్రమే ఎంచుకునేది కాదు. గాలి ఏ వైపు నుంచి వచ్చినా దానికి నిట్టనిలువు ముక్కోణపు గోడ ఎదురుపడదు, వాలు ఎదురుపడుతుంది. 1992లో ఫ్లోరిడాను ఆండ్రూ హరికేన్ తాకిన తర్వాత దెబ్బతిన్న ఇళ్లను పరిశీలించినప్పుడు రెండు వాలుల కప్పుల కన్నా నాలుగు వాలులవి మెరుగ్గా నిలిచాయని తేలింది. తుఫాను ప్రాంతాల్లోని చిన్న ఇళ్ల కోసం భారతీయ ప్రమాణాల సంస్థ 2004లో తెచ్చిన ఐఎస్ 15498 కూడా ఈ ఆకారం వైపే మొగ్గుతుంది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని హుద్‌హుద్ తాకినప్పుడు రేకులు ఎలా ఎగిరాయో చూసినవారికి వేరే చెప్పక్కర్లేదు. సిల్తారా, రాయ్‌పూర్ సముద్రానికి దూరమే అయినా వేసవి చివర వచ్చే గాలివానలు అక్కడా కప్పులను పరీక్షిస్తాయి.

అయితే ఆ మేలు ఆకారం ఒక్కటే ఇచ్చేది కాదు. గాలి కప్పు మీదుగా దాటేటప్పుడు అంచుల దగ్గర, మూలల దగ్గర పైకి లాగే బలం ఎక్కువగా ఉంటుంది. గాలి బలాలను లెక్కించే ఐఎస్ 875 మూడో భాగం ఆ చోట్లకు విడిగా ఎక్కువ గుణకాలు ఇవ్వడం అందుకే. అంటే కప్పులో అన్నింటికన్నా గట్టిగా ఉండాల్సిన చోటు, అన్నింటికన్నా అంచనా మీద కోసి రాడ్డుతో పూడ్చే చోటు ఒకటే అవుతోంది. వాన నీరు కారేదీ అక్కడి నుంచే. మూల వాసం పై అంచు రెండు వాలులకూ సరిపడా లేకపోతే రేకు ఒకవైపు ఆని ఇంకోవైపు తేలుతుంది. తేలిన రేకుకు స్క్రూ బిగిస్తే వాషరు నలుగుతుంది. ఆ తర్వాతి వానాకాలానికి గోడ మీద చార దిగుతుంది.

డబ్బు, నీళ్లు అలా ఉంచితే అసలు ప్రాణం మీదికి వచ్చేది కోత ఎక్కడ జరుగుతోందన్న విషయం. కింద గీసి కోసిన ముక్క పైకి ఒకసారే వెళ్తుంది. పైన కొలిచి కోసే ముక్క రెండు మూడు సార్లు ఎక్కి దిగుతుంది. చివరి సవరణలు నిచ్చెన మీద నిలబడి, ఒక చేత్తో ట్యూబు పట్టుకుని, ఇంకో చేత్తో గ్రైండరు తిప్పుతూ జరుగుతాయి. గార్డు తీసేసిన గ్రైండరు, కళ్లద్దాలు లేని హెల్పరు, కింద ఎవరూ పట్టుకోని నిచ్చెన. ఈ దృశ్యం ఎంత మామూలైపోయిందంటే దాన్ని ప్రమాదమని కూడా ఎవరూ అనుకోవడం లేదు. ఒక వర్గమూలం తెలియకపోవడానికి మనుషులు ఎత్తులో నిలబడి మూల్యం చెల్లిస్తున్నారు.

ఫోన్‌లో యాప్ ఉంది కదా అనే మాట తప్పక వస్తుంది. నిజమే, ఉన్నాయి. పెద్ద కర్మాగారాల్లో కంప్యూటర్ చెప్పిన కోణంలో యంత్రమే కోస్తుంది. కానీ యాప్ గది మూలలు సరిగ్గా 90 డిగ్రీలు ఉన్నాయని నమ్మి లెక్క చెబుతుంది. గోడలు కట్టిన మేస్త్రీ ఆ మాట ఇవ్వలేదు. 20 అడుగుల, 12 అడుగుల గదికి ఎదురు మూలల మధ్య దూరం 23 అడుగుల 3⅞ అంగుళాలు రావాలి. రెండు కర్ణాలూ కొలిచి, అవి సమానంగా లేకపోతే గది వంకరని గ్రహించాల్సింది మనిషే. అప్పుడు నాలుగు మూల వాసాలు ఒకే పొడవు ఉండవు. ఆ మాట తెలియనివాడికి యాప్ ఇచ్చే జవాబు తప్పును ఇంకాస్త ధీమాగా చేయడానికే పనికొస్తుంది.

అనుభవజ్ఞులైన మేస్త్రీలు ఏ లెక్కా లేకుండా సరిగ్గా కోస్తారన్నది ఇంకా బలమైన అభ్యంతరం. అదీ నిజం. వాళ్లు సిమెంటు నేల మీద దారం పట్టి, సుద్దతో గది మూలను అసలు కొలతలోనే గీస్తారు. ముందు మూల గీత నేల మీద ఎంత పోతుందో గీసి, దాని కొసన లంబంగా కప్పు ఎత్తు నిలబెట్టి, రెండు కొసలు కలిపితే మూల వాసం అసలు పొడవు నేల మీదే కనిపిస్తుంది. వర్గమూలం తీయకుండానే జవాబు వచ్చింది, కోణమూ వచ్చింది. ఇది లెక్క లేకపోవడం కాదు, లెక్కను గీతతో చేయడం. ఫ్రాన్స్‌లో వడ్రంగులు శతాబ్దాలుగా ఇలా నేల మీద పూర్తి కొలతలో గీసి, దాని మీదే కలపను పరిచి గుర్తులు పెడతారు. ఆ గీత విద్యను యునెస్కో 2009లో మానవాళి అగోచర వారసత్వ జాబితాలో చేర్చింది. జపాన్ వడ్రంగుల మూలమట్టం ఇంకా తమాషాగా ఉంటుంది. దాని ముందు వైపు మామూలు కొలతలు, వెనుక వైపు ప్రతి కొలతా రెండు వర్గమూలం రెట్లు పెద్దది. ముందు వైపు 6 ఉన్న చోట మామూలు వాసం అడుగు, వెనుక వైపు 6 ఉన్న చోట మూల వాసం అడుగు. గుణకారం ఇనుములోనే చెక్కి ఉంది.

రెండు వర్గమూలం మన దగ్గరా పాతదే. యజ్ఞవేదికలు కట్టడానికి రాసిన శుల్బసూత్రాల్లో, బౌధాయనుడిదీ ఆపస్తంబుడిదీ సహా, చతురస్ర కర్ణానికి ఒక సూత్రం ఉంది. భుజానికి దానిలో మూడో వంతు కలపాలి, ఆ మూడో వంతులో నాలుగో వంతు కలపాలి, చివరగా కలిపిన దానిలో ముప్పై నాలుగో వంతు తీసేయాలి. అది 577ను 408తో భాగించినట్టు, 1.4142157. మన గది 6 అడుగులకు దీన్ని వాడితే వచ్చే తప్పు వెంట్రుక మందంలో చిన్న వంతు కూడా ఉండదు. అంత సూక్ష్మం అవసరం లేని చోట 12కు 17 అనే మోటు నిష్పత్తి చాలు. దానితో 8 అడుగుల 6 అంగుళాలు వస్తుంది, అసలు విలువకు నాలుగున్నర మిల్లీమీటర్లు ఎక్కువ. కలపకు ఇది సరిపోతుంది, పలుచని ట్యూబుకు కొంచెం ఎక్కువే. ఏ పనికి ఎంత సూక్ష్మం కావాలో తెలియడమే కొలతలో సగం విద్య. మన ప్రాచీన గణితం గొప్పదని సభల్లో చెప్పుకోవడానికి ఎంతో సమయం దొరుకుతోంది. అది తాడు పట్టుకుని నేల మీద చేసిన గణితమని, దాని అసలు వారసుడు వెల్డింగ్ షాపులో సుద్దముక్క పట్టుకున్నవాడని మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

నేల గీత తెలిసిన మేస్త్రీల దగ్గర సమస్య వేరే ఉంది. ఆ గీత వాళ్లతోనే ఆగిపోతోంది. హెల్పరు గీస్తుండగా చూస్తాడు, అడగడు. అడిగినా "చూస్తూ ఉండు, అదే వస్తుంది" అన్న జవాబు వస్తుంది. గీయడం వచ్చినవాడికి, కోయడం మాత్రమే వచ్చినవాడికి కూలిలో ఉన్న తేడా చిన్నది కాదు. ఆ తేడాను దాటించే వంతెన పాఠశాలా కట్టలేదు, పని చోటూ కట్టలేదు.

పదో తరగతి త్రికోణమితి అన్వయాల్లో పిల్లలు స్తంభాల ఎత్తులు, గాలిపటం దారాల పొడవులు ఏళ్ల తరబడి కనుక్కుంటున్నారు. ఎవరూ ఎన్నడూ కోయని దారాలవి. ఆ ప్రశ్నల్లో ఒక్కటైనా మూల వాసం కాకూడదా? ఐటీఐల్లో వర్క్‌షాప్ కాలిక్యులేషన్ అని ఒక పాఠ్యాంశమే ఉంది. వర్గమూలాలు, త్రిభుజాలు అందులో వస్తాయి. అవి తరగతి గదిలో నల్లబల్ల మీద ఆగిపోకుండా, పరీక్షగా ఒక చిన్న నాలుగు వాలుల కప్పు చట్రం కోయించాలి. ముక్కలన్నీ కోశాకే పైన నిలబెట్టనివ్వాలి. ముక్కను పెట్టి చూసి కోస్తే మార్కులు తగ్గించాలి. పాఠం మాత్రం పిల్లలకు తెలిసిన భాషలో ఉండాలి. రాయ్‌పూర్, భిలాయ్‌లలో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. ఇలాంటి ఊళ్లలో ఒకే షాపులో హిందీ, ఛత్తీస్‌గఢీ, తెలుగు కలిసి వినిపించవచ్చు. గీతకు ఆ ఇబ్బంది లేదు, మాటకు ఉంది.

కూలి కట్టే పద్ధతి కూడా ఆలోచనకు అడ్డుగా ఉంది. చాలాచోట్ల ఫ్యాబ్రికేషన్ పనికి కిలోకు ఇంత, లేదా చదరపు అడుగుకు ఇంత అని మాట్లాడుకుంటారు. కిలో లెక్కయితే తక్కువ ఉక్కుతో పని ముగించినవాడికే నష్టం. చదరపు అడుగు లెక్కయితే గీసుకోవడానికి పట్టే పూట ఎవరి ఖాతాలోనూ పడదు, అందుకే గ్రైండరు ముందు లేస్తుంది. ఇల్లు కట్టించుకునేవాళ్లు బేరమాడేటప్పుడు ఒక్క షరతు పెట్టవచ్చు. మొదటి ట్యూబు కోయకముందు ముక్కల జాబితా కాగితం మీద చూపించాలి, గీసిన పూటకు విడిగా కూలి ఇస్తామని చెప్పాలి. ఆ కూలి ఒకటి రెండు ట్యూబుల ధరలోనే తిరిగి వచ్చేస్తుంది.

లెక్క మీద ఇంకా అనుమానం ఉన్నవాళ్లకు ఒక అట్టముక్క, కత్తెర, స్కేలు చాలు. 12 సెంటీమీటర్ల అడుగు, 9 సెంటీమీటర్ల రెండు భుజాలు ఉన్న త్రిభుజాలు రెండు కోయాలి. 20 సెంటీమీటర్ల కింది భుజం, 8 సెంటీమీటర్ల పై భుజం, 9 సెంటీమీటర్ల పక్క భుజాలు ఉన్న సమలంబ చతుర్భుజాలు రెండు కోయాలి. 9 సెంటీమీటర్ల అంచులను ఒకదానికొకటి అంటించి, కింది అంచులు దీర్ఘచతురస్రంగా కూర్చునేలా బల్ల మీద పెట్టాలి. అది మన గది కప్పే, అడుగుకు ఒక సెంటీమీటరు చొప్పున. ఎత్తు ఎంతని ఎక్కడా చెప్పలేదు, కోణం ఎక్కడా కొలవలేదు. పక్కన స్కేలు నిలబెట్టి చూస్తే కొప్పు 3 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది.